గోలు గుమ్మము నుండి కళాశాల మైదానమునకు

ఫుట్‌బాల్ జట్టులో పదకొండుగురు ఆటగాండ్రుందురు. పదిమందికి చేయి నిషిద్ధము. ఒక్కనికి మాత్రము చేయియే ఆయుధము. ఆ పదిమంది మైదానమంతయు పరుగులెత్తి చెమటోడ్చుచుండగా ఇతడు రెండు కొయ్యల నడుమ నిలబడి చూచుచుండును. గోలు కొట్టిన వానిని భుజములకెత్తుకొని ఊరేగింతురు. గోలు ఆపిన వానికి కొన్ని చప్పట్లు దక్కును. ఆపలేకపోయెనా, ఆ ఒక్క మాట వానిని జన్మమంతయు వెన్నాడును. ఎనిమిది గజముల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల ఒక ఖాళీని కాపాడుటయే గోల్ కీపరు ఉద్యోగము.

ఆ ఉద్యోగమును ఒకే సంఘమున 17 ఏండ్ల పాటు చేసి, పిమ్మట సుమారు 30 ఏండ్లు అమెరికా కళాశాలలలో విద్యార్థులకు ఆట నేర్పినవాడు స్కాట్లండు దేశస్థుడైన బాబీ క్లార్క్. ఆటలో పేరు తెచ్చుకొన్నవారు లోకమున పెక్కుమంది ఉన్నారు. 35 ఏండ్లకు కాళ్లు మొరాయించిన నాడు, మిగిలిన సగము జీవితమును ఏమి చేసికొనవలెనను ప్రశ్నకు సరియైన జవాబు వెదకికొన్నవారు కొలదిమంది. ఆ కొలదిమందిలో ఇతడొకడు. ఇతనిది ఇంకొక విశేషము: ఆ జవాబును ఆట ముగిసిన పిమ్మట వెదకుకొనలేదు, ఆట మొదలైననాడే చేతబట్టుకొని వచ్చినాడు.

1945లో గ్లాస్గో నగరమున జన్మించిన క్లార్క్ మొదట చేరిన సంఘము క్వీన్స్ పార్క్. 1867లో స్థాపితమైన ఈ సంఘము స్కాట్లండులోకెల్ల ప్రాచీనమైనది. చుట్టుప్రక్కల సంఘములన్నియు డబ్బిచ్చి ఆటగాండ్రను కొనుచున్న కాలములో ఇది మాత్రము ఆటగానికి జీతమివ్వమని పట్టుబట్టి, 2019 దాక ఆ పట్టు విడువలేదు. దాని లాటిను బిరుదవాక్యమునకు 'ఆట కొరకే ఆడుట' అని అర్థము. లక్షమందికి పైగా కూర్చుండిన హాంప్‌డెన్ మైదానము ఆనాడు ఈ బీద సంఘమునకు సొంతిల్లు! జీతము లేని ఆటగాడు పొట్టకూటికి మరియొక వృత్తి నేర్వక తప్పదు. క్లార్క్ గ్లాస్గోలోని జోర్డన్‌హిల్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వ్యాయామ విద్య నభ్యసించి వ్యాయామోపాధ్యాయుడుగా అర్హత సంపాదించినాడు.

మన పాఠశాలలలో డ్రిల్లు మాస్టారనగానే కొందరికి చిన్నచూపు. లెక్కల మాస్టారు రాని పూట పిల్లలను అదుపులో పెట్టువాడని, జెండా పండుగనాడు బారులు తీర్చువాడని మాత్రమే ఎరుగుదురు. కాని భారత ఫుట్‌బాలు చూచిన ఉచ్చదశ ఒక బడిపంతులు చలువయే. హైదరాబాదు పాఠశాలలలో బోధించిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేరినది; 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకము గెలిచినది. నేర్చుటకును నేర్పుటకును నడుమ గోడ లేదని రహీం వలెనే ఎరిగినవాడు గనుక క్లార్క్ కథ మన ఉపాధ్యాయ లోకమునకు పరాయిది కాదు.

క్వీన్స్ పార్కులో క్లార్క్‌కు శిక్షణ ఇచ్చిన ఎడ్డీ టర్న్‌బుల్ 1965లో అబర్డీన్ సంఘమునకు మేనేజరుగా పోవుచు ఈ కుర్రవానిని వెంటబెట్టుకొని పోయినాడు. అబర్డీన్ ఈశాన్య తీరమున, ఉత్తర సముద్రపుటొడ్డున ఉన్నది. నల్లరాతి మేడలు, చేపల రేవు, ఎముకలు కొరుకు చలిగాలి దాని గుర్తులు. పిట్టోడ్రీ అను వారి మైదానమునకు సముద్రము కూతవేటు దూరము. గ్లాస్గోలోని సెల్టిక్, రేంజర్స్ అను రెండు మహా సంఘములు బహుమతులన్నియు పంచుకొనుచుండిన దేశములో ఇట్టి దూరపు టూరి జట్టుకు గెలుపు అరుదు.

1967లో అమెరికాలో ఒక వింత జరిగినది. అచ్చట కొందరు ధనికులు వృత్తి ఫుట్‌బాలు లీగునొకదానిని ప్రారంభింపదలచినారు గాని చేతిలో ఆటగాండ్రు లేరు. అందుచే ఐరోపా, దక్షిణ అమెరికాల నుండి జట్లకు జట్లనే వేసవికి అద్దెకు తెచ్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క నగరము పేరు తగిలించినారు. అబర్డీన్ జట్టు వాషింగ్టన్ విప్స్ అయినది. ఇంగ్లండు నుండి వచ్చిన వుల్వర్‌హాంప్టన్ జట్టు లాస్ ఏంజిలిస్ వుల్వ్స్ అయినది. ఈ రెండును ఫైనలులో తలపడగా అదనపు సమయము పిమ్మట 6–5 గోలులతో వుల్వ్స్ గెలిచినది. చూచువారికి కన్నుల పండుగ. గోల్ కీపరుకు పీడకల. తాను జీవితములో సగభాగము గడుపబోవు దేశముతో క్లార్క్ తొలి పరిచయమిది.

రెండేండ్లు తిరుగకుండగనే అతని స్థానమునకే ముప్పు వచ్చినది. 1969లో ఎర్నీ మెక్‌గార్ అను మరియొక గోల్ కీపరు మొదటి జట్టులో చేరినాడు. రెండవ జట్టుకు దిగజారిన క్లార్క్ అలుగలేదు. గోలు విడిచి మైదానములో తక్కిన పదిమందిలో ఒకడుగా ఆడినాడు. బంతి నాపువానికి బంతిని నడుపువాని మనసు తెలియుట ఎన్నటికిని నష్టము కాదు. 1970 ఏప్రిల్ నాటికి తిరిగి తన స్థానమును సంపాదించుకొని, హాంప్‌డెన్‌లో లక్షా ఎనిమిదివేల పైచిలుకు జనము నడుమ స్కాటిష్ కప్ ఫైనలులో గోలు కాచినాడు. ఆనాడు అబర్డీన్ 3–1 గోలులతో సెల్టిక్‌ను ఓడించినది. కప్పునందుకొన్న కెప్టెను మార్టిన్ బకన్‌కు ఆనాటికి 21 ఏండ్లు.

తరువాతి శీతకాలమున జరిగినదే క్లార్క్ పేరును పుస్తకముల కెక్కించినది. 1970 శరత్తులో మొదలుపెట్టి వరుసగా 12 లీగు ఆటలలో అబర్డీన్ గోలులో బంతి పడలేదు. మొత్తము 1155 నిమిషములు. అనగా 19 గంటల పదునైదు నిమిషములు. 1971 జనవరిలో ఎడింబరోలో హిబెర్నియన్ జట్టు ఆటగాడు పాట్ స్టాంటన్ కొట్టిన గోలుతో ఆ గొలుసు తెగినది.

ఈ 19 గంటలలో ఏమి జరిగినదని అడిగినచో, ఏమియు జరుగలేదనుటయే సరియైన సమాధానము. అక్కడనే ఉన్నది ఈ విద్య రహస్యము. గోల్ కీపరనగా గాలిలోనికెగిరి కొనవ్రేళ్లతో బంతిని నెట్టువాడని సామాన్యుని భావన. పత్రికలలో పడు బొమ్మలును అట్టివే. నేర్పరియైన గోల్ కీపరు ఆ గెంతులు ఎంత తగ్గిన అంత మేలనుకొనును. ప్రత్యర్థి బంతితో దూసికొని వచ్చునప్పుడు గీత మీదనే నిలిచినవానికి కాపాడవలసిన మేర విశాలముగా నుండును. నాలుగడుగులు ముందునకు వచ్చినవాడు ఆ ప్రత్యర్థి కంటికి గోలును కురుచ చేయును. రేఖాగణితము చెప్పు అయ్యవారు నల్లబల్లపై త్రిభుజము గీచి దీనిని క్షణములో నిరూపింపగలరు. ఇక రెండవ సాధనము నోరు. మైదానమంతయు కన్నుల యెదుట పరచుకొని యుండువాడు గోల్ కీపరొక్కడే. ఎడమ ప్రక్క కాళీ ఉన్నదనియు, వెనుక మనిషి వచ్చుచున్నాడనియు రక్షకులకు ఎప్పటికప్పుడు చెప్పుచుండవలెను. ఆ కేక సకాలమున వినబడెనేని బంతి గోలు దాకనే రాదు. బంతి రాలేదు గనుక ఎవరును చప్పట్లు కొట్టరు. తాను ఆడుచు ఇతరులచే ఆడించు ఈ పనికి ఉపాధ్యాయ వృత్తితో గల చుట్టరికము చెప్పకనే తెలియును.

ఆ ఏడు అబర్డీన్‌కు లీగు విజయము రెండు పాయింట్లలో తప్పిపోయి సెల్టిక్‌కు దక్కినది. ఫిబ్రవరిలో పిట్టోడ్రీ ప్రధాన ప్రేక్షకశాలకు నిప్పంటుకొనగా, అంతకు ముందు సంవత్సరము గెలిచిన కప్పును అగ్నిమాపక దళమువారు మంటలలో నుండి తీసికొనివచ్చినారు. క్లార్క్ రికార్డు మాత్రము చాలకాలము చెక్కుచెదరలేదు. 1987లో రేంజర్స్ గోల్ కీపరు క్రిస్ వుడ్స్ అన్ని పోటీలను కలుపుకొని 1196 నిమిషములు గోలివ్వక నిలిచినాడు. లీగు ఆటల వరకు చూచినచో క్లార్క్ లెక్క 43 ఏండ్లు నిలిచి, 2014 ఫిబ్రవరిలో సెల్టిక్ గోల్ కీపరు ఫ్రేజర్ ఫార్‌స్టర్ 1256 నిమిషములతో దానిని దాటినాడు. ఆ ఫార్‌స్టర్ పరంపరను తెంచిన గోలు పిట్టోడ్రీలోనే, అబర్డీన్ ఆటగాని కాలి నుండియే వచ్చినది. లెక్కల పుస్తకములకును ఒకప్పుడు హాస్యప్రియత్వ ముండును.

స్కాట్లండు జాతీయ జట్టు తరఫున క్లార్క్ 17 ఆటలాడినాడు. వానిలో జనమునకు జ్ఞాపకమున్నది, దురదృష్టవశమున, 1973 ఫిబ్రవరి నాటి ఆట. స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘపు శతజయంతి సందర్భమున హాంప్‌డెన్‌లో మంచు కప్పిన నేలపై జరిగిన ఆ ఆటలో ఇంగ్లండు ఐదు గోలులు కొట్టినది. స్కాట్లండు ఒక్కటియు కొట్టలేదు. వానిలో ఒకటి స్వపక్షము వాని కాలికి తగిలి పడినదే. ఉత్సవమునకు పిలిచిన అతిథి ఇల్లు దోచుకొని పోయినట్లయినది. 1978లో ఆర్జెంటీనాలో జరిగిన ప్రపంచ కప్పు జట్టులో క్లార్క్ పేరున్నది గాని, ఆడు అవకాశము రాలేదు. మూడు ఆటలును ఆలన్ రఫ్ ఆడినాడు. తానాడకుండ ఒడ్డున కూర్చుండి తన పనిని మరియొకడు చేయుట చూచిన వారాలవి. కోచ్ కాదలచినవానికి ఈ కూర్చుండుట కూడ ఒక పాఠమే.

1976లో అబర్డీన్ లీగు కప్పును గెలిచినది. 1978లో అలెక్స్ ఫెర్గుసన్ అను 36 ఏండ్ల మేనేజరు వచ్చినాడు. తరువాతి దశాబ్దములలో మాంచెస్టర్ యునైటెడ్‌ను శిఖరములకెక్కించిన ఫెర్గుసనే ఇతడు. గ్లాస్గో సంఘములను వాని మైదానములలోనే ఓడింపవచ్చునని అతడు ఆటగాండ్రకు నూరిపోసినాడు. 1980 ఏప్రిల్‌లో సెల్టిక్ పార్కులో జరిగిన కీలకమైన ఆటలో బాబీ లెనాక్స్ కొట్టిన పెనాల్టీని క్లార్క్ ఆపినాడు. అబర్డీన్ 2–1తో గెలిచినది. మే నెలలో ఎడింబరోలో హిబెర్నియన్‌పై ఐదు గోలులు కొట్టి లీగు విజేత అయినది. అబర్డీన్‌కు 1955 తరువాత ఇదియే మొదటి లీగు విజయము. 1965 పిమ్మట సెల్టిక్, రేంజర్స్ కాని జట్టు లీగు గెలుచుటయు ఇదియే మొదలు. తొమ్మిదేండ్ల క్రింద స్టాంటన్ గోలు కొట్టిన ఆ మైదానములోనే క్లార్క్ లీగు పతకమునందుకొన్నాడు. ఆనాటికి వయసు 34.

ఆ మరుసటి ఋతువులోనే జిమ్ లైటన్ అను యువకుడు గోలులో కుదురుకొన్నాడు. 1982లో క్లార్క్ అబర్డీన్‌ను విడిచినాడు. ఏడాదికి, 1983 మే నెలలో, స్వీడనులోని గొటెన్‌బర్గ్ నగరమున అబర్డీన్ జట్టు రియల్ మాడ్రిడ్‌ను ఓడించి ఐరోపా కప్ విన్నర్స్ కప్పును గెలిచినది. ఆ సంఘ చరిత్రలో దానిని మించిన రాత్రి లేదు. ఆ రాత్రి గోలులో ఉన్నవాడు లైటన్. 17 ఏండ్లు ఇల్లు కట్టినవాడు గృహప్రవేశమునకు లేకపోయినాడు. ఆటగాని జీవితమున ఇట్టివి తరచు జరుగును. అందుకు ఎవరిని తప్పుపట్టుటకును వీలు లేదు.

ఈ దశలో మాజీ ఆటగాండ్రు పెక్కుమంది పానశాల పెట్టుకొందురు, లేదా ఏదో చిన్న సంఘమునకు మేనేజరై రెండు ఓటములకు ఉద్యోగము పోగొట్టుకొందురు. క్లార్క్ కుటుంబముతో ఆఫ్రికాకు పోయినాడు. 1983–84లో జింబాబ్వే దేశపు రెండవ నగరమైన బులవాయోలో హైలాండర్స్ అను సంఘమునకు శిక్షకుడైనాడు. జింబాబ్వేకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి మూడేండ్లు. హైలాండర్స్ న్దెబెలె జాతి ప్రజలకు ప్రాణసమానమైన సంఘము. సరిగ్గా ఆ కాలముననే వారి ప్రాంతమగు మాటబెలెలాండుపై ప్రభుత్వ సైన్యము విరుచుకుపడి వేలాది పౌరులను హతమార్చుచున్నది. అట్టి భయంకరమైన రోజులలో ఆదివారము నాడు నలుపు తెలుపు చొక్కాలతో జట్టు మైదానములోనికి దిగుట ఆ జనమునకు వట్టి వినోదము కాదు. క్లార్క్ పెద్దల జట్టుతో తృప్తిపడక, బాలుర జట్లను క్రమపద్ధతిలో నడిపించుటపై దృష్టి నిలిపినాడు. అతనిలోని బడిపంతులు మరి ఊరకుండడు గదా!

1985లో అమెరికా పిలిచినది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములో, హానోవర్ అను చిన్న పట్టణమున గల డార్ట్‌మత్ కళాశాల 1769లో స్థాపితమైనది. క్లార్క్ దాని ఫుట్‌బాలు జట్టుకు కోచ్ అయినాడు.

అమెరికా కళాశాల క్రీడల ఏర్పాటు మన విద్యార్థులకు కొంత వింతగా తోచును. మన దేశమున కళాశాల జట్టుకు కోచ్ అనగా సాయంకాలపు పని. అక్కడ అది పూర్తి జీతపు ఉద్యోగము. విశ్వవిద్యాలయముల పోటీలలో పెక్కింటిని ఎన్.సి.ఎ.ఎ. అను జాతీయ సంస్థ నడిపించును. క్లార్క్ శిక్షణ ఇచ్చిన కాలములో ఒక్కొక్క విద్యార్థి నాలుగు ఋతువులు మాత్రమే ఆడవచ్చును. మార్కులు తగ్గినచో ఆట నుండి తప్పించుదురు. ఫుట్‌బాలు కాలమంతయు ఆగస్టు చివర నుండి డిసెంబరు లోపల ముగియును. ఐరోపాలో రిఫరీ చేతి గడియారమే ప్రమాణము. ఇక్కడ మైదానపు గడియారము 45 నిమిషముల నుండి సున్నకు దిగుచు అందరికిని కనబడును. బయటికి పోయిన ఆటగాడు తిరిగి లోపలికి వచ్చుటకు కూడ వీలున్నది. స్కాట్లండు పాతకాపులు దీనిని చూచి ఇది ఆటయేనా అని ముక్కు మీద వ్రేలు వేసికొందురు. కాని వచ్చినవాడు తిరిగిపోయి, తప్పు తెలిసికొని, మరల వచ్చు వీలుండుట బడికి తగిన నియమమే.

వృత్తి సంఘపు మేనేజరు డబ్బు పెట్టి ఆటగాని కొనును, నచ్చనిచో అమ్మును. కళాశాల కోచ్ అట్లు చేయలేడు. 18 ఏండ్ల పిల్లవాని ఇంటికి పోయి, తలిదండ్రులతో మాటలాడి, చదువు సంగతి చెప్పి ఒప్పించవలెను. డార్ట్‌మత్‌కు ఇంకొక చిక్కు కూడ ఉన్నది. అది ఐవీ లీగు అను ఎనిమిది విద్యాసంస్థల కూటమిలోనిది. ఆ ఎనిమిదింటిలోను ఆటకని ఉపకార వేతనమివ్వరు. బీదవానికి ఇచ్చు సహాయము అందరితో సమానముగా ఇత్తురు. జీతమెరుగని క్వీన్స్ పార్కులో ఆడిన క్లార్క్‌కు ఈ నియమము పుట్టింటి ఆచారమువలె తోచియుండును. ఆ జట్టుతోనే 1988, 1990, 1992 సంవత్సరములలో ఐవీ లీగు గెలిచినాడు. 1990లోను 1992లోను జాతీయ పోటీల క్వార్టర్ ఫైనలు దాక తీసికొని పోయినాడు.

1994లో న్యూజిలాండు జాతీయ జట్టు బాధ్యత స్వీకరించినాడు గాని, 1996లో తిరిగి కళాశాలకే వచ్చినాడు. ఈసారి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము. 1998లో జట్టు జాతీయ ఫైనలుకు చేరి 3–1తో ఇండియానా విశ్వవిద్యాలయము చేతిలో ఓడినది. ఆ స్టాన్‌ఫర్డ్ ఆటగాండ్రలో క్లార్క్ కుమారుడు జేమీ ఒకడు. కొడుకును బరిలోనికి దింపి ఒడ్డున నిలుచుండుట ఏ తండ్రికైనను కష్టమే. అందరితో సమానముగా చూడవలెనన్నచో కొంచెము కఠినముగా చూడక తప్పదు.

2001లో ఇండియానా రాష్ట్రము, సౌత్ బెండ్‌లోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమునకు మారినాడు. అక్కడ ఫుట్‌బాలనగా మరియొకటి: శిరస్త్రాణములు పెట్టుకొని కోడిగ్రుడ్డు ఆకారపు బంతితో ఆడు అమెరికా ఫుట్‌బాలు. దానికి పట్టణమంతయు కదలివచ్చును. అటువంటి మర్రిచెట్టు నీడలో మరియొక మొక్క పెంచవలసి వచ్చినది. అప్పటి నియమముల ప్రకారము ఒక కళాశాల జట్టు మొత్తమునకు 9.9 ఉపకార వేతనములు మాత్రమే ఇయ్యవచ్చును. ఇరువది పైచిలుకు ఆటగాండ్రకు దానిని ముక్కలు చేసి పంచవలెను. ఉమ్మడి కుటుంబపు యజమాని పని ఎటువంటిదో క్లార్క్‌కు అప్పుడు తెలిసియుండును.

12 ఏండ్లు గడచినవి. 13వ ఋతువున, 2013 డిసెంబరు 15వ తేదీన, పెన్సిల్వేనియాలోని చెస్టర్ పట్టణమున నోటర్ డేమ్ జట్టు మేరీలాండ్ విశ్వవిద్యాలయముతో జాతీయ ఫైనలు ఆడినది. మొదట మేరీలాండ్ గోలు కొట్టినది. విరామమునకు ముందే లియోన్ బ్రౌన్ సరిచేసినాడు. రెండవ భాగములో హారీ షిప్ ఫ్రీకిక్కుగా పంపిన బంతిని ఆండ్రూ ఒమాలీ తలతో గోలులోనికి నెట్టినాడు. 2–1. నోటర్ డేమ్ పురుషుల జట్టు జాతీయ విజేత అగుట అదే మొదలు. క్లార్క్ వయసు 68. మొదటి జాతీయ ఫైనలులో ఓడి 15 ఏండ్లయినది. కళాశాల కోచ్‌గా మొదటి జట్టును దించి 28 ఏండ్లయినది.

సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, కాన్సాస్ సిటీలో, స్పోర్టింగ్ జట్టు అమెరికా వృత్తి లీగు కప్పును పెనాల్టీలపై గెలిచినది. ఆ జట్టు రక్షణకు మూలస్తంభము మాట్ బెస్లర్, 2005 నుండి 2008 వరకు నోటర్ డేమ్‌లో క్లార్క్ శిష్యుడు. వైద్య కళాశాలలో చేరుటకు కావలసిన పాఠములు చదువుచునే ఆట నేర్చినాడు. 2014లో బ్రెజిల్ ప్రపంచ కప్పులో అమెరికా తరఫున ఆడినాడు. ఇట్టివారు క్లార్క్ శిష్యులలో కొందరున్నారు. కాని కళాశాలలో ఆడినవారిలో అత్యధికులకు 22వ ఏట చివరి ఆటయే చివరిది. తరువాత వారు బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, బడిలోనో జీవింతురు. వృత్తి సంఘము దృష్టిలో వీరు పనికిరానివారు. కళాశాల కోచ్ వారి కొరకే జీతము తీసికొనుచున్నాడు. ఈ తేడాను మరచిన కోచ్‌లు అమెరికాలో కొరత లేదు, క్లార్క్ మరువలేదు.

2017తో క్లార్క్ నోటర్ డేమ్ పని చాలించినాడు. అతని స్థానమునకు వచ్చిన చాడ్ రైలీ నోటర్ డేమ్‌లో అతని శిష్యుడు. వచ్చుటకు ముందు డార్ట్‌మత్ కోచ్. గురువు నడచిన దారినే, ఆ రెండు ఊళ్లనే తాకుచు వచ్చినాడు. కుమారుడు జేమీ 2011 నుండి వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు జట్టుకు కోచ్‌గా పనిచేసి, 2021లో దానిని జాతీయ ఫైనలు దాక నడిపినాడు.

మరియొక కుమారుడు టామీ దారి వేరు. చిన్ననాడు బులవాయో చూచిన ఆ పిల్లవాడు డార్ట్‌మత్ చదువు ముగించి, తిరిగి ఆ ఊరికే పోయి, ఆంగ్లము బోధించుచు హైలాండర్స్ జట్టులో ఆడినాడు. తరువాత అమెరికాలో శిశువైద్యుడైనాడు. 1990వ దశకమున ఎయిడ్స్ వ్యాధి జింబాబ్వేను కబళించినది. ఆ దశకాంతమునకు పెద్దవారిలో సుమారు నలుగురికొకరు ఆ వైరసు సోకినవారే. వేలాది జనము కేకలు వేసి ఉత్సాహపరచిన హైలాండర్స్ ఆటగాండ్రలోను, టామీతో భుజము కలిపి ఆడినవారిలోను కొందరు నడివయసైనను రాకుండగనే వరుసగా రాలిపోయినారు. ఏ రోగముతో పోయినాడని అడుగువారు లేరు, చెప్పువారును లేరు. రోగమును మించి ఆ మౌనము చంపినది.

2002లో టామీ క్లార్క్ మిత్రులతో కలిసి గ్రాస్‌రూట్ సాకర్ అను సంస్థను బులవాయోలో ప్రారంభించినాడు. డార్ట్‌మత్‌లో చదివిన బులవాయో ఆటగాడు మెథెంబె న్డ్లోవు అందొకడు. జింబాబ్వేలో గోల్ కీపరుగా ఆడియున్న ఈతన్ జోన్ అను అమెరికను మరియొకడు. టెలివిజను పోటీలో గెలిచిన పది లక్షల డాలర్లలో కొంత భాగమును ఇతడు ఈ పనికి వెచ్చించినాడు. వైద్యుడు చెప్పిన పిల్లలు వినరు, తలిదండ్రులు సిగ్గుచే చెప్పరు, ఫుట్‌బాలు ఆటగాడు చెప్పినచో చెవులు రిక్కింతురు. ఈ ఎరుకయే దాని మూలధనము. తరువాతి సంవత్సరములలో ఆఫ్రికాలోని అనేక దేశములలో లక్షలాది బాలబాలికలకు ఈ పాఠము చేరినది.

ఉపన్యాసము లేదు, ఆటలున్నవి. మైదానములో చిన్న చిన్న గుర్తులు నిలిపి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క అపాయముగా చెప్పుదురు. బంతిని కాలితో నడుపుచు వాని నడుమ నుండి పోవలెను. గుర్తుకు తగిలినవాడు బస్కీలు తీయవలెను. రెండవ మారు ఒకడు తగిలినను స్నేహితులు కూడ వానితోపాటు తీయవలెను. మూడవ మారు జట్టు మొత్తము తీయవలెను. ఒకని అజాగ్రత్త ఎంతమంది వీపుల మీదికి వచ్చునో పిల్లలకు వేరుగా వివరింప పని లేదు. చేతులు నొప్పి పుట్టి వారికే తెలియును.

రెండవ ఆట ఇంకను చిన్నది. పిల్లలు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలుచుందురు. ఒక వరుసవారు చేతులు వెనుకకు పెట్టుకొని చిన్న బంతినొకదానిని చేతి నుండి చేతికి మార్చుచుందురు. కోచ్ ఆపుమన్నప్పుడు అందరును బంతి తమ వద్దనే ఉన్నట్లో, లేనట్లో ముఖము పెట్టుదురు. ఎదుటి వరుసవారు అది ఎవరి చేతిలో నున్నదో కనుగొనవలెను. నవ్వువాని మీద అనుమానపడుదురు, తల దించుకొన్నవాని మీద అనుమానపడుదురు, బక్కపలుచని వాని మీద అనుమానపడుదురు, అన్నియు తప్పిపోవును. అప్పుడు కోచ్ ఆ బంతి వైరసని చెప్పి, మనిషిని చూచి ఎట్లు కనుగొంటిరని అడుగును. కొంతసేపు ఎవరును మాటలాడరు. తరువాత ఎవరో ఒక పిల్ల, మరి తెలిసికొనుట ఎట్లని అడుగును. రక్తపరీక్ష ఎక్కడ చేయుదురో, అందుకు ఎవరి వద్దకు పోవలెనో అప్పుడు చెప్పుదురు.